కోరకనే ఎదుటికి వచ్చే దృశ్యం: వయోజనుల చూపు చేజారిన చరిత్ర

ఇంద్రియాలు విషయాల వైపు పరుగులు తీయడం అనాదిగా ఉన్నదే. విషయాలు తామే ఇంద్రియాలను వెదుక్కుంటూ బయలుదేరడం మాత్రం మన కాలంలోనే సంభవించినది. ఈ వ్యాసానికి ఆ మార్పే ప్రస్తావ్యం.

సామాజిక మాధ్యమాలలో నగ్న, శృంగార, అశ్లీల దృశ్యాలు వయోజనుల కంటబడటాన్ని గురించి మాట్లాడేవారు సాధారణంగా రెండు పక్షాలుగా నిలుస్తారు. లోకం చెడిపోయినదని ఒక పక్షం విచారిస్తుంది. వయసు వచ్చినవారు ఏమి చూసుకుంటే ఎవరికేమి నష్టమని రెండవ పక్షం ప్రశ్నిస్తుంది. వాదాలు భిన్నమైనా ఉభయులూ ఒక విషయాన్ని విచారణ లేకుండానే అంగీకరిస్తున్నారు. చూసేవాడు తాను కోరి చూస్తున్నాడన్నది ఆ విషయం. గత ఇరవై సంవత్సరాల చరిత్రను క్రమంగా పరిశీలించినవారికి ఆ విశ్వాసం ఎంత బలహీనమైనదో బోధపడుతుంది. బాలల రక్షణ ప్రత్యేకమైన విషయం. దానికి ప్రత్యేక చట్టాలు ఉన్నవి, ఉండవలసినదే. ఇక్కడి విచారణ వయోజనులకు మాత్రమే పరిమితం.

ద్వారాలున్న కాలం

మన సంప్రదాయం కామాన్ని దాచిపెట్టలేదు. పురుషార్థాలలో దానికి స్థానమిచ్చినది. వాత్స్యాయనుడు తన కామసూత్రాన్ని ధర్మార్థకామాలకు నమస్కరించి ప్రారంభించినాడు. ఏడు అధికరణాలు, ముప్పది ఆరు అధ్యాయాలు గల ఆ శాస్త్రం చివర, తాను బ్రహ్మచర్యంతో, ఏకాగ్రతతో దీనిని రచించినానని, రాగాన్ని పోషించడం తన ఉద్దేశం కాదని, దీని తత్త్వమెరిగినవాడు జితేంద్రియుడే అవుతాడని చెప్పుకొన్నాడు. అనగా కామశాస్త్రం కూడా చివరికి చదువరి చేతికి పగ్గాలు అప్పగించి ముగుస్తుంది.

శిల్పంలోనూ ఇటువంటి ఒక వ్యవస్థ కనిపిస్తుంది. చందేల రాజుల కాలంలో, 10, 11 శతాబ్దాలలో, వెలసిన ఖజురహో ఆలయాలపైనా, 13వ శతాబ్దిలో మొదటి నరసింహదేవుడు నిర్మింపజేసిన కోణార్క సూర్యదేవాలయంపైనా మిథున శిల్పాలు ఉన్నవి. వాటి అర్థమేమిటన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. అయితే వాటి స్థానం గురించి వివాదం లేదు. అవి ప్రధానంగా వెలుపలి గోడలకు చెందినవి. ఖజురహో శిల్పసముదాయం మొత్తంలో అవి స్వల్పభాగం మాత్రమే. గర్భగృహంలో వాటికి చోటు లేదు. భక్తుడు ప్రదక్షిణం చేస్తూ వాటిని చూడవచ్చును, చూడక ముందుకు సాగవచ్చును. ఎంతసేపు నిలిచి చూసినాడో గోడ లెక్కపెట్టదు. ఇంటికి మరలినవాని వెంట శిల్పం బయలుదేరదు.

ఈ మాటలతో ప్రాచీన కాలమంతా పవిత్రమని నిరూపించడం నా అభిమతం కాదు. ఆనాడూ భోగలాలస ఉన్నది, దానిని అమ్ముకొన్నవారూ ఉన్నారు. గమనించవలసినది ఒక్కటే. దృశ్యానికి ఒక స్థానం ఉండేది, దాని వద్దకు మనిషి వెళ్లవలసి ఉండేది. వెళ్లడమన్నది చిన్నదే అయినా ఒక సంకల్పం.

అచ్చు వచ్చిన తరువాత

అచ్చుయంత్రం శృంగార వాఙ్మయాన్ని రాజాస్థానం నుండి, తాళపత్రం నుండి అంగడికి తెచ్చినది. దానితోపాటే ప్రభుత్వపు నిషేధమూ వచ్చినది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 292వ సెక్షన్ అశ్లీల గ్రంథ విక్రయాన్ని నేరంగా నిర్ణయించినది. 1868లో ఇంగ్లండులో హిక్లిన్ కేసులో వెలువడిన సూత్రం, చెడు ప్రభావాలకు లోనయ్యే అవకాశమున్న మనసులను ఆ రచన పాడుచేయగలదా అన్న ప్రశ్నను కొలమానం చేసినది. 1883లో కామసూత్రం ఆంగ్లంలోకి వచ్చినప్పుడు బర్టన్, ఆర్బత్నాట్ దొరలు ఆ చట్టానికి వెరచి, బహిరంగంగా అమ్మక, ఒక సంఘం పేరిట చందాదారులకు మాత్రమే అందజేసినారు.

తెలుగు సాహిత్యంలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ రాధికా సాంత్వనము. 18వ శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన ముద్దుపళని రచించిన శృంగారకావ్యమది. తొలి ముద్రణలో పద్యాలు లోపించినవని గ్రహించి, బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్ల వారి ద్వారా సమగ్ర ప్రతిని వెలువరించినది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరాన్ని తన సొమ్ము వెచ్చించి నిర్మింపజేసిన భక్తురాలు ఆమెయే. కందుకూరి వీరేశలింగం వంటి పెద్దలు ఆ కావ్యాన్ని స్త్రీ నోట రాదగినది కాదని గర్హించినారు. పురుష కవులు అంతకంటె బాహాటంగా వ్రాసినప్పుడు లేని దోషం స్త్రీ వ్రాసినప్పుడు ఎట్లు వచ్చినదని నాగరత్నమ్మ నిలదీసినది. అయినా ప్రభుత్వం నిషేధించినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వాధినేతగా ఉన్న కాలంలో, స్వాతంత్ర్యం వచ్చే ముంగిట, ఆ నిషేధం తొలగినది. మూడు దశాబ్దాలకు పైగా ఒక తెలుగు కావ్యం తెలుగువారికి చట్టరీత్యా అందలేదు.

ఈ యుగమంతటా న్యాయస్థానాలు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఈ పుస్తకంలో ఏమున్నది?" 1964లో రంజిత్ ఉదేశీ కేసులో సుప్రీంకోర్టు హిక్లిన్ సూత్రాన్నే ప్రధానంగా అనుసరించి, బొంబాయిలో ఒక ఆంగ్ల నవలను అమ్మిన దుకాణదారు శిక్షను స్థిరపరచినది. 2014లో అవీక్ సర్కార్ కేసులో దానిని విడిచి, సమకాలీన సమాజపు ప్రమాణాలనే కొలమానంగా గ్రహించినది. కొలమానం మారినదే కాని ప్రశ్న మారలేదు. అందుకు కారణమూ ఉన్నది. పుస్తకం అంగడిలో ఉండేది, సినిమా ప్రదర్శనశాలలో ఉండేది, వీడియో క్యాసెట్టు అద్దెకిచ్చే దుకాణంలో ఉండేది. 1995 ఆగస్టు 15న మన దేశంలో ప్రజలకు అంతర్జాలం అందుబాటులోకి వచ్చిన తరువాత సైతం, సైబర్ కేఫ్‌లో కూర్చున్నవాడు ఒక చిరునామాను తన వేళ్లతో టైపు చేయవలసి వచ్చేది. ద్వారాలు సన్నగిల్లుతూ వచ్చినవి గాని పూర్తిగా లోపించలేదు. కనుక చూసినవాడు కోరి చూసినాడన్న ఊహకు అప్పటివరకు ఆధారమున్నది.

ద్వారం తొలగిన సంవత్సరం

ఆ ఆధారం సడలడానికి 2006వ సంవత్సరాన్ని ఒక ఆరంభబిందువుగా చెప్పవచ్చును. అంతకు ముందు ఫేస్‌బుక్‌లో మిత్రుని సంగతి తెలియవలెనంటే అతని పుటకు వెళ్లవలసి ఉండేది. 2006 సెప్టెంబరులో ఆ సంస్థ న్యూస్ ఫీడ్‌ను ప్రవేశపెట్టినది. నాటి నుండి మిత్రుల సంగతులన్నీ ఒక ప్రవాహంగా తామే వినియోగదారుని ముందుకు రాసాగినవి. ఆనాడు ఎందరో వినియోగదారులు దీనిని తీవ్రంగా నిరసించినారు. ఆ నిరసన కొద్దికాలంలోనే చల్లారినది. అదే సంవత్సరంలో అజా రాస్కిన్ అనే రూపకర్త, పుట చివరికి చేరక ముందే తరువాతి భాగం దానంతట అదే వచ్చి చేరే అంతులేని స్క్రోల్ పద్ధతిని రూపొందించినాడు. చాలాకాలం తరువాత ఆయనే దాని పర్యవసానాలకు బహిరంగంగా విచారం వ్యక్తం చేసినాడు.

గ్రంథానికి అధ్యాయాంతం ఉన్నది, సినిమాకు విరామం ఉన్నది, వార్తాపత్రికకు చివరి పుట ఉన్నది. ఆ విరామాలు కేవలం సౌకర్యాలు కావు. ఇక చాలునా, ఇంకా కావలెనా అని మనిషి తనను తాను అడిగే అవకాశాలవి. అంతులేని ప్రవాహంలో ఆ ప్రశ్నకు చోటు లేదు.

2009లో లైక్ బొత్తాం వచ్చినది. 2016లో ట్విట్టర్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ కాలక్రమాన్ని విడిచి, వినియోగదారునికి ఆసక్తి కలిగిస్తుందని యంత్రం అంచనా వేసిన క్రమంలో చూపడం ఆరంభించినవి. తరువాత వచ్చిన టిక్‌టాక్ మరొక అడుగు వేసినది. అందులో ఎవరినీ అనుసరించనక్కర లేదు, ఏదీ వెదకనక్కర లేదు, లైక్ కూడా నొక్కనక్కర లేదు. 2021లో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక వందకు పైగా స్వయంచాలిత ఖాతాలను సృష్టించి పరీక్షించినప్పుడు, ఒక్కొక్క వీడియో వద్ద ఎంతసేపు నిలిచినారన్న ఆధారం ఒక్కటే ఆ యంత్రానికి చాలునని తేలినది.

ఇక్కడ సాధకులు ఒక క్షణం ఆగి ఆలోచించవలసి ఉన్నది. గీత ద్వితీయాధ్యాయం పతనక్రమాన్ని వర్ణిస్తూ, విషయాన్ని గూర్చిన ధ్యానంతో మొదలుపెడుతుంది. ధ్యానం వలన సంగం, సంగం వలన కామం, తరువాత క్రోధ, సమ్మోహాదులు. ఆ శృంఖలలో మొదటి కడియం మనసు ఒక విషయంపై నిలవడం. ఈ యంత్రం కొలుస్తున్నది సరిగ్గా ఆ నిలుపుదలనే. ప్రాచీనులు సాధకుణ్ణి అప్రమత్తం చేయడానికి గుర్తించిన బిందువును, ఆధునికులు వ్యాపారానికి ఆదాయబిందువుగా గుర్తించినారు.

అందులోనూ ఒక పెద్ద పొరపాటు ఉన్నది. చూపు నిలవడానికి కారణాలు అనేకం. కోరిక కావచ్చును, కుతూహలం కావచ్చును, జుగుప్స కావచ్చును, ఇదేమిటన్న దిగ్భ్రాంతి కావచ్చును. యంత్రానికి ఈ భేదం అందదు. రెండు క్షణాల దిగ్భ్రాంతిని అది కోరికగా నమోదు చేసి, మరునాడు అటువంటి దృశ్యాలు పదింటిని తెచ్చి ఎదుట పెడుతుంది. వాటిలో ఒకదానివద్ద చూపు మరల నిలిస్తే, తన అంచనా నిజమైనదని నిశ్చయించుకొంటుంది. కొంతకాలానికి ఆ మనిషి కూడా తన ఫీడ్‌ను చూసి, నా స్వభావమే ఇటువంటిది కాబోలు అనుకొనే ప్రమాదమున్నది. మన వాసనలు మనకు తెలియడం సాధనలో ఒక మెట్టు. యంత్రం కల్పించిన వాసనను తన సహజ స్వభావమని భ్రమించడం అందుకు విరుద్ధం.

గీతకు దగ్గరగా

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వేదికలలో నగ్నతకు మొదటినుండి నిషేధం ఉన్నది కదా, మరి ఈ ఆందోళన ఎందుకని కొందరికి సందేహం కలగవచ్చును. దానికి సమాధానం 2018 నవంబరులో ఆ సంస్థాధిపతి మార్క్ జుకర్‌బర్గ్ స్వయంగా ప్రకటించిన ఒక దీర్ఘలేఖలో దొరుకుతుంది. నిషేధమన్న గీతను ఎక్కడ గీసినా, ఏ విషయమైనా ఆ గీతను సమీపించేకొద్దీ ప్రజల స్పందన సగటున పెరుగుతున్నదని, తరువాత అడిగినప్పుడు అది తమకు నచ్చలేదని వారే చెప్పిన సందర్భాలలోనూ ఇదే జరుగుతున్నదని ఆయన వ్రాసినాడు. అందుకు ఆయన ఇచ్చిన ఉదాహరణలలో నగ్నతను సమీపించే దుస్తులు, భంగిమలు గల ఛాయాచిత్రాలు ఉన్నవి. అటువంటి వాటి వ్యాప్తిని తగ్గించేట్లు తమ వ్యవస్థను మార్చినామని కూడా ఆయన తెలిపినాడు.

ఈ ప్రకటనను పాఠకులు నిదానంగా చదవవలెను. మనిషికి నచ్చినది వేరు, మనిషిని నిలిపినది వేరు అని ఆ వ్యాపారం నడిపేవారే అంగీకరించినారు. కఠోపనిషత్తులోని రథోపమానంలో బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు అశ్వాలు. గుర్రం ఎటు లాగినదో అదే సారథి నిర్ణయమని లెక్కవేసే వ్యవస్థ ఇది.

ఆ మార్పు తరువాత పరిస్థితి చక్కబడినదా? 2020 జూన్‌లో యూరప్‌కు చెందిన ఆల్గారిథమ్‌వాచ్ అనే సంస్థ ఇన్‌స్టాగ్రామ్‌పై ఒక పరిశీలనను ప్రకటించినది. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన 26 మంది ఫీడ్‌లను సేకరించి చూడగా, లోదుస్తులలో లేదా ఈతదుస్తులలో ఉన్న స్త్రీల చిత్రాలు గల పోస్టులు వారి ఫీడ్‌లో కనిపించే అవకాశం 54 శాతం అధికమని, చొక్కా లేని పురుషుల చిత్రాలకు అది 28 శాతం అధికమని తేలినది. ఆ పద్ధతి లోపభూయిష్ఠమని ఫేస్‌బుక్ సంస్థ ఖండించినది. పరిశీలనకు వచ్చినవారు కొద్దిమందే కావున దీనిని అంతిమ సత్యమనలేము. అయితే దాని తాత్పర్యం చిత్రాలను పంచేవారికి ముందే అనుభవంలో ఉన్నది. వంటకాలు చూపే స్త్రీకి, వ్యాయామం నేర్పే యువకునికి, నాట్యం చేసే కళాకారిణికి, ఏ చిత్రం వ్యాపిస్తున్నదో, ఏది మరుగున పడుతున్నదో సంఖ్యలే చెబుతవి. ఎవరూ ఆజ్ఞాపించనక్కర లేదు. వస్త్రం తగ్గినకొద్దీ చూపులు పెరుగుతున్నవని గ్రహించినవారు తామే గీతకు దగ్గరగా జరుగుతారు. ఈ విధంగా ఆ వేదికలలో నిషిద్ధమైన దృశ్యం అరుదు, దాదాపు నిషిద్ధమైన దృశ్యం మాత్రం అపారం.

మన దేశంలో

భారతదేశంలో ఈ పరిణామం అతిశీఘ్రంగా జరిగినది. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు ఆరంభమైనవి. కొన్ని నెలలు ఉచితంగా, తరువాత అతి చౌకగా డేటా అందినది. నగరాలలోనూ పల్లెలలోనూ కోట్లాది కుటుంబాలు కంప్యూటర్ దశను దాటకుండానే నేరుగా చేతిలోని తెరకు వచ్చి చేరినవి. పుస్తకం, సినిమా, క్యాసెట్టు, సైబర్ కేఫ్ అన్న క్రమంలో ఒక్కొక్క ద్వారం సన్నగిల్లడాన్ని చూసిన తరం ఒకటి. తొలి తెరయే అంతులేని ప్రవాహమైన తరం మరొకటి. వయోజనులలోనూ ఈ రెండవ వర్గం చాలా పెద్దది.

ప్రభుత్వం, న్యాయస్థానాలు స్పందించకపోలేదు. అయితే ఆ స్పందన పాత ప్రశ్నకే పరిమితమైనది. 2015లో కేంద్రం 857 సైట్లను నిరోధించమని ఆదేశించి, విమర్శలు రాగా కొద్దిరోజులలోనే ఆదేశాన్ని చాలామేరకు ఉపసంహరించుకొన్నది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశాన్ని అనుసరించి 827 సైట్లను నిరోధించినది. ఆ సైట్లన్నీ చిరునామా టైపు చేసి, అనగా కోరి, వెళ్లవలసిన స్థలాలు. కోరకనే వచ్చే ప్రవాహాన్ని ఆ ఆదేశాలు తాకనే లేదు.

2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం టిక్‌టాక్ డౌన్‌లోడ్‌లను నిషేధించమని ఆదేశించినది. అశ్లీల దృశ్యాలు, బాలల క్షేమం అందుకు కారణాలు. మూడు వారాలకు ఆ నిషేధం తొలగినది. 2020 జూన్ 29న దేశభద్రత కారణంగా కేంద్రమే దానితో కలిపి 59 యాప్‌లను నిషేధించినది. అయితే ఆ ఖాళీ ఎన్నాళ్లున్నది? కొద్దిరోజులకే, జూలైలో, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలో ప్రారంభమైనవి. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ తొలి ప్రయోగానికి మన దేశమే వేదిక అయినది. సంస్థ పేరు మారినది, చూపు నిలిచిన కాలాన్ని కొలిచే పద్ధతి మాత్రం యథాతథంగా కొనసాగినది.

కత్తి కూడా గుడ్డిదే

ఇంత చెప్పిన తరువాత, అంతటినీ నిషేధిస్తే సరిపోదా అన్న ఆలోచన సహజం. ఆ మార్గాన్ని నడిచి చూసినవారి చరిత్ర కూడా మన ముందున్నది.

టంబ్లర్ అనే వేదిక వయోజన విషయాలను చాలాకాలం అనుమతించినది. 2018 నవంబరులో బాలలపై లైంగిక దౌర్జన్యానికి సంబంధించిన చిత్రాలు అందులో కనబడినందున యాపిల్ సంస్థ తన దుకాణం నుండి ఆ యాప్‌ను తొలగించినది. ఆ దౌర్జన్యం ఘోరనేరం. దానిపై చర్య తీసుకొనడంలో సందేహానికి తావు లేదు. అయితే టంబ్లర్ అంతటితో ఆగక, డిసెంబరు 17 నుండి వయోజన విషయాలన్నింటినీ నిషేధించినది. తీర్పు చెప్పే పని యంత్రానికి అప్పగించినది. ఆ యంత్రం నిర్దోషమైన రేఖాచిత్రాలను, సామాన్య ఛాయాచిత్రాలను సైతం అశ్లీలమని ముద్రవేసి నవ్వులపాలైనది. 2013లో 110 కోట్ల డాలర్లకు యాహూ కొన్న ఆ వేదిక, అప్పటికే క్షీణిస్తూ, 2019లో 30 లక్షల డాలర్ల లోపు ధరకు చేతులు మారినదని వార్తలు వచ్చినవి.

2021 ఆగస్టులో ఓన్లీఫ్యాన్స్ అనే చందా వేదిక, బ్యాంకుల ఒత్తిడి కారణంగా లైంగిక దృశ్యాలను నిషేధిస్తామని ప్రకటించి, వారం తిరగకముందే ఆ నిర్ణయాన్ని విరమించినది. ట్విట్టర్‌కు వారసురాలైన ఎక్స్ వేదిక 2024లో, పరస్పర సమ్మతిగల వయోజన దృశ్యాలను అధికారికంగా అనుమతించినది. వయోజనుడు ఏమి చూడవచ్చునన్నది ఒకచోట యాప్ దుకాణం, ఒకచోట బ్యాంకు, ఒకచోట సంస్థాధిపతి నిర్ణయిస్తున్నారు. చూసేవాని మాట ఎక్కడా వినబడదు.

ఇంకొక సంఘటన మరింత ఆలోచింపజేస్తుంది. 2020 అక్టోబరులో బ్రెజిల్‌లో ఒక వినియోగదారు రొమ్ము క్యాన్సర్ లక్షణాలను స్త్రీలకు తెలియజేసే చిత్రాలను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టగా, యంత్రం దానిని నగ్నతగా భావించి తొలగించినది. ఆ సంస్థ నియమాల ప్రకారమే అటువంటి చిత్రాలకు మినహాయింపు ఉన్నది. మరుసటి జనవరిలో పర్యవేక్షక మండలి ఆ తొలగింపు తప్పని తీర్పు చెప్పినది. ఒక ప్రాణాన్ని కాపాడగల చిత్రం తొలగినది. గీతకు అంగుళం ఇవతల నిలిచిన భంగిమ వ్యాపించినది. వివేకం లేని విధినిషేధాలు ఎటువంటి ఫలమిస్తవో చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు. ముద్దుపళని కావ్యాన్ని నిషేధించినవారు కనీసం దానిని చదివి నిషేధించినారు.

చూసేవానితోపాటు చూడబడే మనిషిని కూడా మరువరాదు. 2017 చివరలో ఒక వేదికపై, ప్రసిద్ధ స్త్రీల ముఖాలను అశ్లీల దృశ్యాలకు అతికించే కృత్రిమ వీడియోలు మొదలైనవి. కొన్నేళ్లకు ఆ కౌశలం ఎవరి చేతికైనా అందేదైనది. ఇక్కడ సమ్మతి రెండు వైపులా లోపించినది. ఆ స్త్రీ సమ్మతించలేదు, ఫీడ్‌లో దానిని ఎదుర్కొన్నవాడూ కోరలేదు. మన దేశపు 2021 ఐటీ నియమాల ప్రకారం, తన నగ్న చిత్రం గాని, అటువంటి కృత్రిమ చిత్రం గాని వ్యాపించినదని బాధితురాలు ఫిర్యాదు చేస్తే నిర్ణీత గడువులోగా తొలగించే చర్య వేదిక చేపట్టవలెను. ఈ హక్కు ఉన్నదని తెలియని కుటుంబాలు అనేకం. కనుక సిగ్గుతో మౌనం వహించక, ఇంట్లో ఆడపిల్లలకు, కోడళ్లకు దీనిని చెప్పి ఉంచడం పెద్దల ధర్మం.

కొత్త ప్రశ్న

ఇంతవరకు వివరించిన చరిత్ర నుండి తేలే సారమిది. పుస్తకాల కాలంలో అడుగవలసిన ప్రశ్న "ఇందులో ఏమున్నది?" ప్రవాహాల కాలంలో దానికి ముందు అడుగవలసిన ప్రశ్న "దీనిని నా ముందుకు ఎవరు తెచ్చినారు, ఎందుకు తెచ్చినారు?" నిషేధవాది, స్వేచ్ఛావాది ఇద్దరూ ఈ ప్రశ్నను అడిగితే వారి మధ్య దూరం చాలా తగ్గుతుంది. వయోజనుని స్వేచ్ఛను గౌరవించేవారు అతని సంకల్పాన్నే గౌరవించాలి కదా. కోరినదానిని చూసే స్వేచ్ఛలో, కోరనిదానిని చూడకుండా ఉండే స్వేచ్ఛ అంతర్భాగమే.

ఈ కొత్త ప్రశ్నను చట్టంలోకి తెచ్చిన ఘనత యూరోపియన్ యూనియన్‌ది. అక్కడి డిజిటల్ సేవల చట్టం, అతిపెద్ద వేదికలన్నీ వినియోగదారుని ప్రవర్తనను విశ్లేషించకుండా నడిచే ఫీడ్‌ను కూడా ఎంచుకొనే వీలు కల్పించవలెనని నిర్దేశించినది. ఒక వ్యక్తి లైంగిక జీవితానికి సంబంధించిన సమాచారాన్ని ఆధారం చేసుకొని ప్రకటనలు చూపడాన్ని నిషేధించినది. 2024 ఫిబ్రవరి 17 నుండి అది పూర్తిగా అమలులోకి వచ్చినది. అది దృశ్యాన్ని నిషేధించదు. దృశ్యాన్ని మోసుకొని వచ్చేవానిని జవాబుదారీని చేస్తుంది. మన దేశంలో 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. చూపు నిలిచిన ప్రతి క్షణాన్నీ గ్రంథస్థం చేసే యంత్రాల విషయంలో ఆ హక్కుకు అర్థమేమిటన్నది మన చట్టసభలు ఇక విచారించవలసి ఉన్నది.

చట్టం వచ్చేవరకు చేయదగినవి కూడా ఉన్నవి. ఇన్‌స్టాగ్రామ్ 2021 జూలైలో, సున్నితమైన దృశ్యాలను ఎంతవరకు చూపవలెనో వినియోగదారుడే నిర్ణయించుకొనే అమరికను ఇచ్చినది. 2022లో, తాను అనుసరించేవారి పోస్టులను మాత్రమే కాలక్రమంలో చూసే మార్గాన్ని పునరుద్ధరించినది. 2024 చివరలో, అంతవరకు యంత్రం పోగుచేసిన సిఫారసులను తుడిచివేసి మొదటినుండి ఆరంభించే సదుపాయాన్ని ప్రకటించినది. యూట్యూబ్‌లో వీక్షణ చరిత్రను నిలిపివేయవచ్చును, చెరిపివేయవచ్చును. ఇవన్నీ సెట్టింగులలో లోతుగా ఉంటవి. ఒకసారి ఓపికతో వెదికి సరిచేసుకొన్నవారికి తేడా తెలుస్తుంది. ఆక్షేపణీయమైన దృశ్యం ఎదురైనప్పుడు దానివద్ద నిలిచి విచారించడం కంటె, ఆసక్తి లేదన్న బొత్తాం నొక్కి ముందుకు సాగడం మేలు. ఎందుకనగా మన జుగుప్సను కూడా ఆ యంత్రం ఆసక్తిగానే లెక్కవేస్తుంది.

అన్నింటికంటె ముఖ్యమైన మాట ఒకటి మిగిలి ఉన్నది. ఇటువంటి దృశ్యాలు పదేపదే ఎదురవుతున్నందున తమను తాము పతితులుగా భావించి, లోలోపల కుమిలిపోయే గృహస్థులు, సాధకులు ఎందరో ఉన్నారు. ఎవరికీ చెప్పుకోలేరు, ఆత్మనింద మానలేరు. వారు ఈ చరిత్రను తెలుసుకొనడం అవసరం. వేలాది ఇంజనీర్లు, అపారమైన ధనం, కోట్లాది మంది చూపుల లెక్కలు కలిసి నిర్మించిన వ్యవస్థ ముందు ఒక్క మనిషి చూపు ఒక క్షణం నిలిచినంత మాత్రాన అది అతని శీలంపై తీర్పు కాజాలదు. తరువాతి క్షణం మాత్రం అతనిది. తన ఎదుటికి ఏది వచ్చినదో నిర్ణయించే శక్తి ఈనాడు అతని చేతిలో పూర్తిగా లేకపోవచ్చును. వచ్చినదానిని మనసులోకి ఆహ్వానించి ఆసనమివ్వాలా, గడప వద్దనుండే పంపివేయాలా అన్నది ఇప్పటికీ అతని చేతిలోనే ఉన్నది. యంత్రం తొలగించిన ఆ ద్వారాన్ని మనిషి తన లోపల మరల నిలుపుకొనవలసి ఉన్నది.

స్వస్తి.